మొదటి గిటారు: తప్పు వేళ్ళదా, తీగలదా?

డబ్ల్యూ. సి. హ్యాండీ అని ఒక పెద్దాయన. బ్లూస్ సంగీతానికి పితామహుడని అమెరికాలో పేరు. 1873లో అలబామా రాష్ట్రంలో ఫ్లోరెన్స్ అనే ఊళ్ళో పుట్టాడు. వాళ్ళ నాన్న చర్చిలో పాస్టరు. మన హ్యాండీ పిల్లవాడిగా ఉన్నప్పుడు ఓ కొట్టు అద్దాల వెనక గిటారు చూసి మనసు పారేసుకున్నాడు. పళ్ళు కోసి అమ్మి, చిన్నాచితకా పనులు చేసి, పైసా పైసా కూడబెట్టి, ఇంట్లో చెప్పకుండా దాన్ని కొనుక్కొచ్చాడు. నాన్నగారు చూశారు. ఇలాంటి పాపిష్టి వస్తువు నా ఇంట్లోకా అని మండిపడి, వెంటనే పట్టుకెళ్ళి తిరిగిచ్చేయమన్నారు. ఊరికే ఇచ్చేయడం కాదు, దానికి బదులుగా వెబ్‌స్టర్ డిక్షనరీ తెచ్చుకోమన్నారు!

హ్యాండీ 1941లో రాసుకున్న ఆత్మకథలో ఈ సంగతి చదివినప్పుడు నేను చాలాసేపు నవ్వుకున్నాను. డిక్షనరీ బదులు ఎంసెట్ మెటీరియల్ అని చదువుకుంటే ఇది మనలో సగం మంది కథ. ఆ నాన్నగారు అలబామాలో కాక ఏ తెనాలిలోనో, వరంగల్లోనో ఉన్నా ఒక్క మాట కూడా మార్చక్కర్లేదు :)

అందుకే కాబోలు, మన తరంలో చాలామంది మొదటి గిటారు ఇంట్లోవాళ్ళు కొనిచ్చింది కాదు, మొదటి జీతంతో మనం కొనుక్కున్నది. నా సంగతీ అంతే. 2005లో ఉద్యోగం వచ్చిన రెండో నెలలో కొన్నాను. రెండు వేల రెండొందలు. షాపతను నాలుగు తీగలు మీటి చూపించాడు, మెరుపు నల్లరంగు, సంచీ ఉచితం. ఇంకేం చూడాలో నాకు తెలీదు, అతను చెప్పనూ లేదు. రూమ్మేట్ల ఓర్పుకి పరీక్ష పెడుతూ మూడు నెలలు కుస్తీ పట్టాను. వేళ్ళు వాచాయి, తోలు లేచింది. సి, జి కార్డులు ఎలాగో పలికాయి గానీ ఎఫ్ కార్డు మాత్రం ఎన్నడూ పలకలేదు, దబ్ దబ్‌మని చప్పుడు తప్ప. చివరికి "సంగీతం మన ఒంట్లో లేదు" అని తీర్మానించుకుని గిటారుని సంచీలో పెట్టేశాను. ఆ తర్వాత అది నాతోపాటు ఐదిళ్ళు మారింది. సంచీ జిప్పు మాత్రం విప్పలేదు.

కిందటేడు మా అమ్మాయి గిటారు నేర్చుకుంటానంది. పన్నెండేళ్ళది. కొత్తదెందుకు, ఇంట్లో ఉందిగా అని అటక మీది నుంచి దించాను. రెండు వారాలు వాయించి, ఎర్రగా కమిలిన వేళ్ళు చూపిస్తూ, "నాన్నా, నాకు రాదేమో" అంది. ఆ మాట వినగానే గుండెల్లో ఏదో కలుక్కుమంది. పందొమ్మిదేళ్ళ కిందట నేనన్నదీ సరిగ్గా అదే.

తీగలు మార్పిద్దామని రిపేరు చేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన గిటారుని అడ్డంగా పట్టుకుని, ఒక కన్ను మూసి తుపాకీ గురి చూసినట్టు మెడ వెంబడి చూశాడు. తర్వాత జేబులోంచి చిన్న ఉక్కు స్కేలు తీసి పన్నెండో మెట్టు దగ్గర పెట్టాడు. "ఐదు మిల్లీమీటర్ల పైనే ఉంది సార్. రెండు, రెండున్నర ఉండాలి. దీని మీద నేర్చుకున్నవాళ్ళెవరైనా ఉంటే చూపించండి, దండం పెడతాను" అన్నాడు.

అదన్నమాట సంగతి. పందొమ్మిదేళ్ళుగా నేను నాలో ఉందనుకున్న లోపం స్కేలుతో కొలిస్తే రెండున్నర మిల్లీమీటర్లు!

ఇంటికొచ్చాక ఒక ప్రశ్న పట్టుకుని వదల్లేదు. నాకు దొరికినలాంటి గిటారే చరిత్రలో అందరికీ మొదట దొరికిందా? మరి వాళ్ళెలా నేర్చుకున్నారు? అలా తవ్వుకుంటూ వెళ్తే బయటపడ్డ కథ ఇది.

ముందు ఆ ఐదు మిల్లీమీటర్ల గురించి. ఉక్కు తీగల గిటారు మీద ఆరు తీగల బిగువు అంతా కలిపితే సుమారు 70 కిలోలు. అంటే ఓ నిండు మనిషి పగలూ రాత్రీ ఆ మెడకి వేలాడుతున్నట్టు లెక్క. ఆ లాగుడికి మెడ ముందుకు వంగుతుంది, పొట్ట పైకి ఉబ్బుతుంది, తీగలు మెట్ల నుంచి పైకి లేస్తాయి. ఫ్రెట్లు అంటారే, వీణ భాషలో నేను వాటిని మెట్లనే అంటున్నాను. ఈ వంపుకి విరుగుడుగా మెడ లోపల ఒక ఇనుప కడ్డీ పెట్టి, మరతో బిగించి సర్దుకునే ఉపాయానికి గిబ్సన్ కంపెనీలో పనిచేసే థాడియస్ మెక్‌హ్యూ పేరున 1923లో పేటెంటు వచ్చింది. దాన్నే ట్రస్ రాడ్ అంటారు. ఆ కడ్డీ లేని, లేక ఉన్నా ఎవరూ ముట్టుకోని గిటారు కాలం గడిచేకొద్దీ విల్లులా తయారవుతుంది. తీగ ఎత్తుగా ఉంటే వేలు నొప్పి ఒక్కటే కాదు, అంత దూరం నొక్కేసరికి తీగ సాగి స్వరం కూడా కాస్త పైకి పోతుంది. అంటే నొప్పి భరించి కష్టపడి నొక్కినా అపస్వరమే. నేర్చుకునేవాడికి అది తన తప్పో గిటారు తప్పో ఎలా తెలుస్తుంది?

ఇంకో లోపం కూడా ఉండొచ్చు, మెట్లు పెట్టిన చోటే తప్పవడం. మన వీణకి మెట్లని మైనంలో పొదుగుతారు. శ్రుతి తేడా వస్తే మైనం కరిగించి మళ్ళీ సర్దుకోవచ్చు. గిటారుకి ఆ సౌకర్యం లేదు. కర్రలో గాడి కోసి కొట్టేసిన మెట్టు ఇక కదలదు, లెక్క ముందే సరిపోవాలి. గెలీలియో తండ్రి విన్సెంజో గెలీలీ వీణలాంటి ల్యూట్ అనే వాద్యం వాయించేవాడు. ఆయన 1581లో ఒక పుస్తకంలో తేలికైన సూత్రం చెప్పాడు. మిగిలిన తీగ పొడవులో పద్దెనిమిదో వంతు దగ్గర ఒక మెట్టు పెట్టు, మళ్ళీ మిగిలినదాంట్లో పద్దెనిమిదో వంతు, అలా పన్నెండు సార్లు. లెక్క వేసి చూద్దామా? 17/18ని పన్నెండుసార్లు హెచ్చిస్తే 0.5036 వస్తుంది. రావాల్సింది సరిగ్గా సగం, 0.5. తీగ పొడవు 650 మిల్లీమీటర్లనుకుంటే పన్నెండో మెట్టు దగ్గర 2.4 మిల్లీమీటర్ల తేడా. రౌండింగ్ ఎర్రర్ పోగుపడితే ఏమవుతుందో మనవాళ్ళకి వేరే చెప్పాలా :) అసలు భాజకం 17.817. చాలాకాలం పనివాళ్ళు 18తోనే సర్దుకుని, ఆ తేడాని బ్రిడ్జి దగ్గర కాస్త జరిపి సరిచేసుకునేవాళ్ళు. మంచి పనివాడికి చెవి ఉంటుంది కాబట్టి చెల్లిపోయింది. గంటకిన్ని చొప్పున తయారుచేసే ఫ్యాక్టరీకి చెవి ఎక్కడిది?

ఇహ ఫ్యాక్టరీల సంగతికొద్దాం. గిటారు మొదట్లో పనివాడు ఒక్కొక్కటీ చేతితో చేసే వస్తువు. స్పెయిన్‌లో ఆంటోనియో దె టోర్రెస్ (1817–1892) ఇప్పటి క్లాసికల్ గిటారుకి రూపం ఇచ్చాడు. జర్మనీ నుంచి 1833లో అమెరికా చేరిన సి. ఎఫ్. మార్టిన్ పెట్టిన కంపెనీ ఇప్పటికీ నడుస్తోంది. ఇవన్నీ ఖరీదైన సరుకు. పొలాల్లో, గనుల్లో పనిచేసుకునేవాడికి గిటారు అందింది మాత్రం తపాలా ద్వారా. సియర్స్ రోబక్ కంపెనీ కేటలాగు అమెరికా పల్లెల్లో ప్రతి ఇంటికీ చేరేది. 1896 నుంచి పల్లెటూళ్ళకి ఇంటి దగ్గరికే టపా బట్వాడా మొదలయ్యాక ఆ వ్యాపారం మరీ పెరిగింది. నాగలి, కుట్టుమిషను, గౌన్ల పక్కనే గిటారు బొమ్మ, కొద్ది డాలర్ల ధర. డబ్బు పంపితే రైల్లో పెట్టె వచ్చేది.

ఆ గిటార్లు చేసిన కంపెనీల్లో పెద్దది చికాగోలోని హార్మనీ. 1892లో ఒక జర్మన్ వలసదారు పెట్టాడు. 1916లో సియర్స్ ఏకంగా ఈ కంపెనీనే కొనేసింది. ఎందుకంటే అప్పుడు హవాయి సంగీతం పిచ్చి దేశమంతా పట్టుకుంది, యుకులేలీలు వేడివేడి పకోడీల్లా అమ్ముడవుతున్నాయి. ఇటు న్యూజెర్సీలో ఆస్కార్ ష్మిట్ కంపెనీ 'స్టెల్లా' పేరుతో చవక గిటార్లు చేసేది. చౌకరకం బర్చ్ కర్రకి రంగు వేసి ఖరీదైన కర్రలా కనిపించేలా చేయడం, లోపల మార్టిన్ వాళ్ళలా ఎక్స్ ఆకారంలో కాకుండా నిచ్చెన మెట్లలా అడ్డపట్టీలు అతికించడం, ఇలా ఎక్కడ పొదుపు చేయొచ్చో అక్కడల్లా చేశారు. లెడ్‌బెల్లీ వాయించిన పన్నెండు తీగల గిటారు స్టెల్లాయే. బ్లూస్ చరిత్రలో సగం ఈ చవకబారు పెట్టెల మీదే పుట్టింది.

మరి వంగిన మెడలు, లేచిన తీగలు? ఇక్కడే నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతొకటి ఉంది. హ్యాండీయే రాశాడు. 1903 ప్రాంతంలో మిసిసిపీలోని టట్‌వైలర్ రైల్వే స్టేషన్లో రాత్రి బండి కోసం ఎదురుచూస్తూ కునుకు తీస్తుంటే, పక్కన చిరిగిన బట్టల్లో ఒకతను గిటారు వాయించడం మొదలుపెట్టాడట. వేళ్ళతో నొక్కట్లేదు, తీగల మీద కత్తి ఆనించి జారుస్తున్నాడు. ఆ సంగీతం తను విన్నవాటన్నిట్లోకీ వింతైనదని హ్యాండీ రాసుకున్నాడు. హవాయిలో జోసెఫ్ కెకుకు 1889 ప్రాంతంలో గిటారుని ఒళ్ళో పడుకోబెట్టి ఉక్కు కడ్డీ జార్చి వాయించే పద్ధతి మొదలుపెట్టాడు. 1915లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన పెద్ద ప్రదర్శనతో అది అమెరికా అంతా పాకింది. ఇలా జార్చి వాయించేవాడికి తీగ ఎత్తుగా ఉండడం లోపం కాదు, సౌకర్యం. కత్తి కింద మెట్లు తగలకూడదు కదా.

అంటే గిటారు లొంగకపోతే వాళ్ళు వాయించే పద్ధతే మార్చేశారన్నమాట. ప్రతివాడూ ఈ కారణంతోనే కత్తి పట్టాడని నేననను. కానీ నేను మూడు నెలలు కుస్తీ పట్టిన ఎత్తు తీగలు ఆ చేతుల్లో అయితే ఇబ్బంది పెట్టేవి కావు.

ఈ ఒడి గిటారే మన దేశానికి కూడా గిటారుగా వచ్చింది. హవాయి వాద్యకారుడు టౌ మో 1929లో ఒకసారి వచ్చి, 1940లలో కుటుంబంతో కలకత్తాలో ఉండిపోయి ఈ వాయిద్యాన్ని పరిచయం చేశాడు. బ్రిజ్ భూషణ్ కాబ్రా దాని మీద హిందుస్తానీ రాగాలు పలికించాడు. 1967 నాటి 'కాల్ ఆఫ్ ద వ్యాలీ' రికార్డులో శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు పక్కన వినిపించే గిటారు ఆయనదే. తర్వాత విశ్వమోహన్ భట్ దానికి మరిన్ని తీగలు చేర్చి మోహనవీణ అన్నాడు, 1994లో గ్రామీ అందుకున్నాడు. ఇహ మనవైపు నిలువుగా పట్టుకుని వాయించే గిటారు సినిమా పాటల ద్వారా ఇంటింటికీ చేరింది. బాలు ఇంకా సినిమాల్లో స్థిరపడని రోజుల్లో ఆయన కచేరీ బృందంలో గిటారు వాయించిన కుర్రాడే తర్వాత ఇళయరాజా అయ్యాడు.

సరే, మళ్ళీ అటువైపు. 1946 జనవరిలో మిసిసిపీలోని టుపెలో ఊళ్ళో ఒక తల్లి తన కొడుకుని పదకొండో పుట్టినరోజుకి ఇనుప సామాన్ల కొట్టుకి తీసుకెళ్ళింది. పిల్లాడికి తుపాకీ కావాలి. తల్లి వద్దని, ఎనిమిది డాలర్లలోపు ఖరీదుండే గిటారు కొనిచ్చింది. పిల్లాడి పేరు ఎల్విస్ ప్రెస్లీ. మేకులు, శీలలు అమ్మే కొట్లో గిటారు దొరికేదంటేనే తెలుస్తుంది, అప్పటికది ఎంత మామూలు వస్తువైపోయిందో.

అమెరికా వాడికి అంత సులువుగా దొరికిన వస్తువు ఇంగ్లండులో కుర్రాళ్ళకి దొరకలేదు. యుద్ధం తర్వాత డాలర్లు ఆదా చేయడానికి బ్రిటన్ ప్రభుత్వం అమెరికా నుంచి వాయిద్యాల దిగుమతి మీద ఆంక్షలు పెట్టింది, అవి 1959 దాకా సాగాయి. సరిగ్గా ఆ మధ్యలో, 1956 మొదట్లో, లోనీ డోనెగన్ పాడిన 'రాక్ ఐలాండ్ లైన్' హిట్టయింది. స్కిఫుల్ అనే పాటల ఒరవడి మొదలైంది. ఒక గిటారు, బట్టలుతికే గరుకు రేకు, టీ పెట్టెకి కర్ర, తాడు కట్టి చేసిన బేసు, ఇంతే బృందం. ఊరూరా కుర్రాళ్ళకి గిటారు కావాలి, మంచి గిటార్లేమో లేవు. దొరికిందేమిటంటే యూరప్ నుంచీ, దక్షిణాఫ్రికా నుంచీ వచ్చే చవక సరుకు.

లివర్‌పూల్‌లో ముగ్గురు కుర్రాళ్ళ మొదటి గిటార్లు ఎలా ఉండేవో చూడండి.

జాన్ లెనన్‌ది గాలోటోన్ ఛాంపియన్. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో తయారైంది, పూర్తి సైజు కూడా కాదు. లోపల అంటించిన చీటీ మీద ఇది చీలిపోదని హామీ ఉండేది. అమ్మకందారు మొట్టమొదట ఇచ్చుకోవాల్సిన హామీ చీలిపోదని అయితే, మిగతా సంగతి మీరే ఊహించుకోండి. దాని మీద లెనన్ గిటారు కార్డులు కూడా వాయించలేదు. వాళ్ళమ్మ జూలియాకి బాంజో వచ్చు, ఆమె నేర్పిన బాంజో కార్డులే వాయించేవాడు.

పాల్ మెకార్ట్నీ వాళ్ళ నాన్న పుట్టినరోజుకి ట్రంపెట్ కొనిస్తే, దాన్ని మార్చి జెనిత్ గిటారు తెచ్చుకున్నాడు. తీరా చూస్తే తనది ఎడమచేతి వాటం, గిటారేమో కుడిచేతిది. ఎంతకీ కుదరక తికమకపడుతుంటే, ఎడమచేతి వాటం గాయకుడు స్లిమ్ విట్మన్ పోస్టరు ఒకటి కంటపడింది. ఓహో ఇలా కూడా పట్టుకోవచ్చా అని తీగలన్నీ తిరగేసి కట్టుకున్నాడు.

జార్జ్ హారిసన్‌ది ఎగ్మండ్ అనే డచ్ కంపెనీ గిటారు. తోటి కుర్రాడి దగ్గర మూడు పౌన్ల పది షిల్లింగులకి కొన్నది. మెడ వెనక బోల్టు చూసి ఇదేమిటా అని విప్పాడు (ఇంజనీరు బుద్ధి!). మెడ ఊడొచ్చింది. మళ్ళీ బిగించడం రాలేదు. బీరువాలో పడేశాడు. కొన్నాళ్ళకి వాళ్ళన్న పీటర్ దాన్ని బాగుచేసిచ్చాడు.

1957 జూలై 6న వుల్టన్ చర్చి జాతరలో లెనన్ బృందం వాయించింది. ఆ సాయంత్రమే పాల్ అతన్ని మొదటిసారి కలిశాడు. పాల్ అక్కడివాళ్ళని మెప్పించిన విద్యల్లో ఒకటేమిటో తెలుసా? అతనికి గిటారు శ్రుతి చేయడం వచ్చు. అదీ అప్పటి పరిస్థితి. ఆ రోజు లెనన్ వాయించిన గాలోటోన్ 1999లో లండన్ వేలంలో లక్ష పౌన్లకు పైగా పలికింది.

ఇలాంటి కథలు చెప్పుకుని మనవాళ్ళు తేల్చేదేమిటంటే, "చూశావా, బీటిల్సే డొక్కు గిటారు మీద నేర్చుకున్నారు, నీకేమొచ్చింది? తపన ఉంటే చాలు" అని. నేనూ పందొమ్మిదేళ్ళు దీన్నే నమ్మాను. ఇప్పుడు నమ్మను. ఎందుకంటే ఇది గెలిచొచ్చినవాళ్ళని మాత్రమే లెక్కపెట్టే లెక్క. ఆ ముగ్గురి పేర్లు మనకి తెలుసు. అదే ఏడాది అలాంటి గిటార్లే కొని, వేళ్ళు కమిలి, తమ ఒంట్లో సంగీతం లేదనుకుని బీరువాలో పడేసిన పిల్లల పేర్లు ఎవరు రాశారు? ఫెండర్ కంపెనీ 2017లో నేర్పించే యాప్ విడుదల చేసినప్పుడు, తమ పరిశోధనలో తేలిందంటూ ఒక మాట చెప్పింది: కొత్తగా గిటారు పట్టినవాళ్ళలో పదికి తొమ్మిది మంది మొదటి సంవత్సరంలోనే మానేస్తున్నారు. ఆ తొమ్మిదిలో నేనొకణ్ణి. అందరూ గిటారు బాగాలేకే మానేశారనడం లేదు. బద్ధకం ఉంటుంది, తీరిక ఉండదు. కానీ ఏ కారణంతో మానేసినా మనం నింద వేసుకునేది మాత్రం మన మీదే.

పైగా ఆ ముగ్గురి కథల్లో మనం దాటేసే మనిషి ఒకరు ఎప్పుడూ ఉంటారు. లెనన్‌కి అమ్మ, హారిసన్‌కి బోల్టు బిగించిన అన్న, మెకార్ట్నీకి ఇంట్లోనే వాద్యకారుడైన నాన్న. సియాటిల్‌లో జిమీ హెండ్రిక్స్ మొదటి గిటారు ఐదు డాలర్ల పాతది. 1959లో అతనికి మొదటి ఎలక్ట్రిక్ గిటారు కొనిచ్చింది నాన్నే. డబ్బు లేకపోతే ఏం చేయొచ్చో అందరికన్నా బాగా చూపించింది బ్రయన్ మే. 1963లో అతనూ, ఎలక్ట్రానిక్స్ ఇంజనీరైన వాళ్ళ నాన్న హెరాల్డూ కలిసి ఇంట్లోనే ఒక గిటారు చేయడం మొదలుపెట్టారు. మెడకి పాత చలిమంట గూటి కర్ర, లోపల మోటార్‌సైకిల్ వాల్వు స్ప్రింగులు, పిడికి అల్లికసూది ముక్క. రెండేళ్ళు పట్టింది. తర్వాత క్వీన్ బృందంలో అతను జీవితాంతం వాయించింది దాన్నే. డొక్కు గిటారుకీ మంచి గిటారుకీ మధ్య ఉన్న దూరాన్ని చాలాసార్లు డబ్బు కాదు, పక్కనున్న తెలిసిన మనిషి దాటించాడు. వీణ నేర్చుకునే పిల్లకి ముందు గురువు దొరికి, ఆవిడే వీణ ఎంపిక చేసి, శ్రుతి చూసి పెట్టడం మనకి ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి. గిటారు దగ్గరికొచ్చేసరికి మనం ముందు పెట్టె కొని తర్వాత గురువుని వెతుక్కుంటాం, లేదా అసలు వెతుక్కోం.

1964 ఫిబ్రవరి 9న ఎడ్ సలివన్ షోలో బీటిల్స్ కనిపించారు. 7 కోట్ల 30 లక్షల మంది చూశారని లెక్క. తెల్లారేసరికి అమెరికాలో ప్రతి పిల్లాడికీ గిటారు కావాల్సొచ్చింది. సియర్స్ అప్పటికే 1962 నుంచి ఒక తమాషా సరుకు అమ్ముతోంది. డాన్‌ఎలెక్ట్రో కంపెనీ చేసిన సిల్వర్‌టోన్ ఎలక్ట్రిక్ గిటారు, దాన్ని పెట్టుకునే పెట్టెలోనే యాంప్లిఫయరూ, స్పీకరూ. ధర 70 డాలర్లలోపు. ఒళ్ళు అట్టచెక్కలాంటి మేసొనైట్‌తో, పికప్పులు లిప్‌స్టిక్ గొట్టాల్లో. కక్కుర్తే గానీ తెలివైన కక్కుర్తి. పిల్లాడి చేతికి ఏం కావాలో అది తీసేయలేదు.

ఆ గిరాకీని అందిపుచ్చుకున్నది జపాన్. 1887లో ఒక బడి హార్మోనియం బాగుచేయడంతో మొదలైన యమహా, 1966లో ఎఫ్‌జీ-180 అనే గిటారు తెచ్చింది. చవక గిటారంటే డొక్కు గిటారే కానక్కర్లేదని గట్టిగా రుజువు చేసింది అలాంటివే. ఇంకొన్ని జపాన్ కంపెనీలు గిబ్సన్, ఫెండర్ గిటార్లకి అచ్చుగుద్దినట్టు నకళ్ళు చేశాయి. 1977లో గిబ్సన్ యజమాని కంపెనీ నార్లిన్, ఐబనెజ్ గిటార్లు అమ్మే ఎల్గర్ మీద కోర్టుకెళ్ళింది. కోర్టు బయటే రాజీ అయింది. ఫెండర్ ఇంకో దారి పట్టింది. నకలు మనమే చేద్దాం అని 1982లో జపాన్‌లో స్క్వయర్ పేరుతో తన చవక గిటార్లు తనే చేయించింది. హార్మనీ మాత్రం ఈ పోటీ తట్టుకోలేక 1975లో మూతపడింది. 1960ల నడుమ ఏడాదికి లక్షల్లో గిటార్లు చేసిన కంపెనీ, పదేళ్ళు గడిచేసరికి లేదు.

ఆఖరి మెట్టు మన రంగానికి దగ్గరిది. 1990ల నుంచి కంప్యూటరు నడిపే కోత యంత్రాలు గిటారు ఫ్యాక్టరీల్లోకి వచ్చాయి. 17.817 లెక్క ప్రోగ్రాములో ఉంటుంది. ఎనిమిది వేల రూపాయల గిటారుకైనా లక్ష రూపాయల గిటారుకైనా మెట్ల గాడులు మిల్లీమీటరులో చిన్న భాగం తేడా లేకుండా పడతాయి. 2019లో యమహా చెన్నై దగ్గర ఫ్యాక్టరీ పెట్టి మొదటిసారి కొనేవాళ్ళ కోసం గిటార్లు అక్కడే తయారుచేయడం మొదలుపెట్టింది. లెనన్ గాలోటోన్ కంటే నిస్సందేహంగా మంచి గిటారు ఇప్పుడు మధ్యతరగతి ఇంటికి అందుబాటులో ఉంది. విన్సెంజో గెలీలీ సమస్య తీరిపోయింది. తీరనిది ఒక్కటే, ఆ చివరి సర్దుబాటు. యంత్రం గాడి సరిగ్గా కోస్తుంది గానీ, ఓడల్లో, లారీల్లో, మన ఎండల్లో, వానల్లో ప్రయాణం చేసి షాపుకొచ్చిన కర్ర ఏ రోజున ఎంత వంగిందో చూసి మర తిప్పాల్సింది మాత్రం మనిషే.

కాబట్టి మొదటి గిటారు కొనేవాళ్ళకి చరిత్ర చదివి నేను చెప్పేది ఇంతే. రంగు, సంచీ, పేరు తర్వాత. మీ జేబులోని ఏటీఎం కార్డులు తీయండి. ఒక్కో కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. మూడు కార్డులు కలిపి పన్నెండో మెట్టు మీద పెట్టి, లావు తీగ కింద దూర్చండి. మూడు సరిగ్గా పడితే మంచిదే. నాలుగు దూరితే, సర్ది ఇవ్వమని షాపతన్ని అడగండి. ఆరు దూరితే నమస్కారం పెట్టి బయటికొచ్చేయండి. నాదాంట్లో ఏడు దూరే చోటుంది! మెడ వెంబడి ఒక కన్నుతో చూడండి, విల్లులా ఉందేమో. పన్నెండో మెట్టు దగ్గర నొక్కిన స్వరం, విడి తీగకి సరిగ్గా పై స్థాయి అవునో కాదో ఫోన్లో ట్యూనరు పెట్టి చూడండి. ఉక్కు తీగలు చిన్నపిల్లల వేళ్ళకి మరీ కష్టమనిపిస్తే నైలాన్ తీగల గిటారు ఉంది. వాయించడం వచ్చిన స్నేహితుడెవరైనా ఉంటే బిర్యానీ ఆశ చూపించైనా సరే వెంట తీసుకెళ్ళండి. పది వేలు పెట్టి కొన్నారనుకుంటే, ఇంకో వెయ్యి సర్దుబాటుకి పక్కన పెట్టుకోండి. ఆ వెయ్యే అసలు గిటారు.

మా అమ్మాయికి అలాగే చూసి ఎనిమిది వేల పైచిలుకులో ఒకటి కొన్నాం, రిపేరు ఆయనే వచ్చి ఎంచి, సర్ది ఇచ్చాడు. ఎఫ్ కార్డు పలకడానికి నెలన్నర పట్టింది. పలికిన రోజు వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి "నాన్నా, విను" అంది. విన్నాను. సంతోషంగానూ ఉంది, కాస్త ఉక్రోషంగానూ ఉంది.

నా నల్ల గిటారుని పారేయబోతే రిపేరు ఆయనే ఆపాడు. "ఎందుకు సార్ పారేయడం? దీంట్లో ట్రస్ రాడ్ లేదు, నేను దించలేను. ఒళ్ళో పెట్టుకుని వాయించండి" అని ఒక ఉక్కు కడ్డీ చేతిలో పెట్టాడు. ఆరు నెలలుగా ఆదివారాలు అదే పని. ఇంకా పాట అనదగ్గది ఏదీ రాలేదు. ఇంట్లోవాళ్ళు తలుపు వేసుకుంటున్నారు. అయితే ఈసారి మాత్రం తప్పు నాదే, గిటారుది కాదు.